హాల్లో కిందుగా ఉన్న మేకు

విజయవాడ, వన్ టౌన్,
12-8-1998.

హైమవతి గారికి నమస్కారాలు.

పామర్రులో మీకు కొత్త చోటు అలవాటయిందనుకుంటాను. మీ దగ్గర కొన్న ఇల్లు మేమూ సర్దుకున్నామండీ. కర్టెన్లు కుట్టించాం, షోకేసులో పింగాణీ బొమ్మలు పెట్టాం, లైట్లకు గాజు షేడ్లు బిగించాం. అయినా హాల్లో ఏదో వెలితి. వచ్చినవాళ్ల కళ్లన్నీ కిటికీ పక్కనే ఆగుతున్నాయి. అక్కడ నా నడుము ఎత్తులో మీరు వదిలేసిన మేకు ఉంది.

పెయింటర్ బాజీ పీకేస్తానన్నాడు. మావారు ఒప్పుకోలేదు. "వాళ్ల దేవుడి పటం ఉన్న చోటేమో, మనం ముట్టుకోకూడదు" అని, మేకు చుట్టూ జానెడు చోటు వదిలేసి మిగతా గోడకు రంగు వేయించారు. ఇంత కిందుగా దేవుణ్ణి పెడతారా అని నా అనుమానం. మిమ్మల్ని అడుగుదామంటే ఆయన మొహమాటపడ్డారు.

నిన్న మా అత్తగారు ఆ గోడ ముందు చాప మీద కూర్చున్నారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆవిడ నిలబడలేరు. "బేటీ, ఇక్కడ అద్దం పెడితే నా మొహం నాకు కనపడుద్దిగా" అన్నారు. మిమ్మల్ని అడిగేదాకా ఆగలేక, అద్దం తెచ్చి ఆ మేకుకే తగిలించేశాను. రెండేళ్ల తర్వాత తన తల తనే దువ్వుకున్నారు. అప్పటికి గానీ హాలు నిండినట్టు అనిపించలేదు.

అది దేవుడి మేకయితే మన్నించండి, అద్దానికి వేరే మేకు కొట్టిస్తాను. కాకపోతే మాత్రం దాచకుండా రాయండి. మాకంటే ముందు అక్కడ కూర్చుని తల దువ్వుకున్నది ఎవరండీ?

ఇట్లు,
మీ ఇంట్లో ఉంటున్న సోదరి