మాట అందించే మనిషి

చిరంజీవి మనవరాలు హర్షిణికి ఇస్నాపూర్ నుంచి తాత దీవెనలు. ఇక్కడ నేను, మీ అమ్మమ్మ బాగానే ఉన్నాం. మైసూరులో స్పీచ్ థెరపీ చదువుకుంటూ నువ్వూ బాగున్నావని తలుస్తాను. ఫోన్‌లో నా నత్తి సంగతి నీకు తెలిసిందే. కాగితమే నాకు సుఖం.

మోకాలు ఎట్లా ఉందని అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి. మేడ మీది గదుల్లో ఒడిశా పిల్లలు దిగారు, బొల్లారం కంపెనీలో పని. వాళ్ళ వంట వాసనకు మీ అమ్మమ్మ ముక్కు మూసుకుంటుంది, గిన్నెలో పెట్టి పంపితే తింటుంది.

సంగారెడ్డిలో మీ సార్ పెట్టిన శిక్షణకు పోయావా అని కదా నీ పెద్ద ప్రశ్న. పోయాను. నత్తి ఉన్న మనిషి మాట ఎట్లా వినాలో నేర్చుకోవడానికి వచ్చిన థెరపిస్టుల ముందు నన్ను కూర్చోబెట్టారు. మాట అందించొద్దు, నిదానంగా చెప్పమనొద్దు, ఆగి వినండి అని సార్ వాళ్ళకు ముందే చెప్పాడు. నా పేరు, ఊరు, బాయిలర్ దగ్గర చేసిన పని చెప్పేసరికి చెమట పట్టింది. ఒక్కరూ కదల్లేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు మధ్యలోనే అందుకునేవారు. ఆ రోజు నా పేరు చివరిదాకా నేనే చెప్పుకున్నాను. మనసు నిండింది.

నేను చెప్పేది అంతే. అయిపోయింది. పాపం, వాళ్ళకు తెలియలేదు. మాట ఇరుక్కుందనుకుని అట్లాగే చూస్తూ కూర్చున్నారు. అయిపోయిందనడానికి నాకు సిగ్గు. అంతమంది ఎదురు చూస్తుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. నీకు రాయకుండా దాచుకున్నది అక్కడ బయటికి వచ్చేసింది.

పోయిన సెలవుల్లో నువ్వు "తాత మాట నువ్వు పూర్తి చెయ్యకు అమ్మమ్మా, ఆయనకు బాధైతది" అన్నావు. ఆమె నీ మాట దాటదు. అప్పటినుంచి నేను నోరు తెరిస్తే పెదవులు బిగబట్టి, ఆఫీసరు ముందు కూర్చున్నట్టు కూర్చుంటుంది. ఇంట్లో ముచ్చటే ఆగిపోయింది. కిరాణా యాదన్న నా మాట అందుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆమె అందిస్తే మాత్రం నాకు ఇష్టం. సగం తప్పే అందిస్తుంది. కాదు అంటాను, మరేందంటుంది, అట్లా మాకు పొద్దు గడిచేది.

అదే చెప్పాను. ఆ థెరపిస్టుల్లో ఒక పిల్ల, "అంటే తాతా, అందియ్యాల్నా వద్దా అని ముందుగాల మిమ్మల్నే అడగాలె గదా" అంది. అందరూ రాసుకున్నారు. "మరి గీ మాట ఇంట్ల చెప్పిన్రా?" అంది. తల అడ్డంగా ఊపాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని మొదలుపెట్టాను. ఆమె పెదవులు బిగించింది.

"అం... అందియ్యి మాట," అన్నాను.

"హర్షిణి తిడ్తది."

"తి... తిట్టనీ."

"గిన్ని దినాలు నా నోరు కట్టేసి ఇప్పుడు సెప్తున్నవా, ముసలాయనా? నా మాటంటేనే నీకు మొకం మొత్తిందనుకున్న," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

కాసేపటికి "ఇం... ఇం..." అన్నాను.

"ఇగ పెరుగా?" అని వేసేసింది. నేను అడగబోయింది ఇంకొంచెం కూర.

పెరుగన్నమే తిన్నాను. నీ చదువు తప్పని కాదు బిడ్డా. అమ్మమ్మను మాత్రం తిట్టకు.

ఇట్లు,
నీ తాత,
బాలప్ప