చిలకకి అమ్మ మందు

తమ్ముడూ,

డ్యూటీకి వెళ్తున్నా. పొద్దున చిలక గడ్డకి మళ్ళీ ఇంజక్షన్ వేయించుకొచ్చాను. అమ్మకి ఎక్కించిన కీమో మందే, కాకపోతే చుక్కంత. పిట్టల ఒంట్లో అది ఎక్కువసేపు నిలవదట, రెట్టలో బయటికి వచ్చేస్తుంది, చేతికి తగలకూడదన్నారు డాక్టరుగారు. అందుకే పంజరం కింద కాగితం గ్లవ్స్ వేసుకునే మార్చు. అమ్మ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. పోయినసారిలా వట్టి చేతులతో తీశావో, ఊరుకోను.

అమ్మకి జుట్టంతా రాలింది. దీనికి ఒక్క ఈకైనా ఊడలేదు. అమ్మ ఉంటే "దీని టెక్కు చూడు" అని నవ్వేది.

గ్లవ్స్ ఎందుకు వేసుకోవో నాకు తెలుసు. అవి వేసుకుని నువ్వు అమ్మ తడిపిన దుప్పటి తీసిన రోజు అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

అన్నట్టు, ఆ రోజు నువ్వు గదిలోంచి వెళ్ళాక అమ్మ నాతో అంది: "నేను ఏడవడం చూస్తే వాడు గ్లవ్స్ తీసేస్తాడే. అందుకే అటు తిరిగా."