నడవగలడు

అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మెట్లు మాత్రం ఎక్కనివ్వడం లేదు. నర్సింగ్ హాస్టల్లో కిటికీ పక్క మంచం దొరికిందని రాశావు, సంతోషం. వార్డులో రోజంతా నిలబడటం మెల్లగా అలవాటవుతుంది. చెప్పులు మెత్తనివి కొనుక్కో.

పోయిన ఉత్తరంలో రెండు విషయాలు అడిగావు. వంటింటి కప్పు కారడం ఆగిందా అని ఒకటి. ఆగలేదు. రిటైర్మెంటుకి ఏడాది ఉండగా జైలు ఆసుపత్రిలో కాంపౌండరు ఉద్యోగం ఎందుకు మానేశానని రెండోది. మానేసినప్పుడు, ఒంట్లో బాగాలేక అని అమ్మచేత రాయించాను. అది అబద్ధం.

నీ యూనిఫాం భుజాలు వదులైతే జైలు కుట్టుపని షెడ్డులో సరిచేయించి తెచ్చాను కదా. అది చేసినవాణ్ణి అందరం టైలరు మాస్టారు అనేవాళ్లం. అక్కను రోజూ చావబాదే బావను కత్తెరతో పొడిచి చంపి లోపలికి వచ్చాడు. "తప్పే సార్. కానీ అక్క బతికుంది కదా" అనేవాడు. పధ్నాలుగేళ్లలో అతన్ని చూడటానికి వచ్చింది ఆ అక్క ఒక్కతే.

కిందటేడు అతని కడుపు ఉబ్బడం మొదలైంది. కళ్లు పచ్చబడ్డాయి. మిషను ముందు కూర్చోలేక నిలబడి గుండీలు కుట్టేవాడు. బయట పెద్దాసుపత్రిలో వైద్యం కోసం రెండు నెలలు విడుదల చేయమని అక్క దరఖాస్తు పెట్టింది. అతని ఆరోగ్యం ఎలా ఉందని కోర్టు జైలును అడిగింది. 'నిలకడగా ఉంది, ఇక్కడే మందులు ఇస్తున్నాం' అని జవాబు వెళ్లింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే జవాబు. మూడోసారీ అంతే. మేమిచ్చిన మందులేమిటో చెప్పనా? అజీర్తి మాత్రలు.

నాలుగోసారి ఆవిడ ఎవరో వకీలు కాళ్లావేళ్లా పడి ఆర్డరు తెచ్చుకుంది. అప్పటికి మాస్టారు మంచం దిగక పది రోజులు. మామూలుగా మూడు రోజులు పట్టే పనికి ఆ మధ్యాహ్నమే జైలరు స్వయంగా కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు.

"ఇవాళే పంపించేద్దాం కాంపౌండరు గారూ. ప్రయాణానికి పర్వాలేదని సర్టిఫికెట్ రాసేయండి."

"నాడి సరిగా అందడం లేదు సార్. అంబులెన్సు పిలిపిస్తే..."

"మనం పిలిపిస్తే మన ఖైదీగానే పోతాడు. గేటు దాటించామంటే వాళ్ల మనిషి. రేపు ఎంక్వయిరీ వస్తే జవాబు మీరు చెప్తారా?"

నడవగలడు అని రాశాను. ఆ రోజు వచ్చిన డాక్టరు సంతకం పెట్టాడు.

ఇద్దరు వార్డర్లు చెరో చంక కింద చెయ్యివేసి మోసుకుపోయారు. అతని కాలివేళ్లు నేలకు రాసుకుంటూ పోయాయి. గేటు బయట అక్క ఆటో పెట్టుకుని ఉంది. పెద్దాసుపత్రికి సగం దారిలో ప్రాణం పోయింది. మా రిజిస్టరులో మాత్రం 'విడుదల' అని ఉంది. ఆ సాయంత్రం జైలరు అందరికీ టీ చెప్పాడు. నేనూ తాగాను.

ఇంతవరకూ రాసి, ఉత్తరం రెండు రోజులు పక్కన పెట్టాను తల్లీ. ఇక్కడితో ఆపితే నీ దృష్టిలో పైవాడికి భయపడిన మనిషిగా మిగిలిపోతాను. అసలు సంగతి అది కాదు. డాక్టరు వారానికోసారి వచ్చి, నేను రాసిపెట్టిన వాటి మీద సంతకాలు చేసి పోతాడు. 'నిలకడగా ఉంది' అని మూడుసార్లూ రాసింది నేనే. ఎవరూ బెదిరించలేదు. బాగాలేదంటే ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతారు, కాగితాల పని పెరుగుతుంది. అంతే. మొదటిసారి రాసినప్పుడు అతని కడుపు మీద చెయ్యి వేసి కూడా చూడలేదు. చూసి ఉంటే బతికేవాడా అన్నది నీ పుస్తకాల్లో ఉంటుంది. నాకు చెప్పకు.

రాజీనామా ఇచ్చాక, అంతా చెప్పేద్దామని మాస్టారి అక్క ఇంటికి వెళ్లాను. ఒకటే గది. ఇస్త్రీ బల్ల, దాని మీద ఎవరివో చొక్కాలు. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, తను నేల మీద కూర్చుంది.

"ఒక్కటి చెప్పండి బాబూ. తలుపు తీసేసరికి వాళ్లు వాణ్ణి పట్టుకుని ఉన్నారు. లోపల్నించి గేటు దాకా మావాడు నడిచే వచ్చాడా?"

"నడిచాడమ్మా" అన్నాను.

"అయితే చాలు బాబూ. నా కోసం లోపలికెళ్లినోడు, తన కాళ్ల మీద తను బయటికొచ్చాడు."

లేచి, నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను.

ఇట్లు,
నాన్న