మాంత్రికుడి మీద రాతపూర్వక ఫిర్యాదు

సోమవారం

పరమ న్యాయమూర్తులైన వదినగారికి,

మీ మరిది, వారమంతా లిఫ్టు మెకానిక్కు, ఆదివారం మధ్యాహ్నం మాత్రం యోధుడు, నడుము పట్టేలా వంగి నమస్కరించి రాసుకున్న ఉత్తరం.

బల్ల దగ్గర వాదిస్తే పాచికలు లాక్కుంటానని, ఏ ఫిర్యాదైనా కాగితం మీద రాసి మీ టైలరు షాపు తలుపు కింద నుంచి తోసెయ్యాలని మీరే రూలు పెట్టారు. కాబట్టి తోస్తున్నాను.

ఏడాదిన్నరగా మీ గుడ్డ కత్తిరించే బల్ల చుట్టూ కూర్చుని ఈ ఆట ఆడుతున్నాం. గుహలూ రాక్షసులూ ఉన్న కథ మీరు చెప్తారు, మేం అందులో తలా ఒక వేషం వేసుకుని, ఎవరి దెబ్బ తగిలిందో పాచికలతో తేల్చుకుంటాం. అన్నయ్య మాంత్రికుడు, పళ్ళ డాక్టరమ్మ వైద్యురాలు, నేను యోధుడిని. వినడానికి బాగానే ఉంది. జరిగేదేమిటో చెప్తాను. ఆరుగురు రాక్షసులు ఎదురొస్తారు. నేను ఆరడుగుల కత్తి దూసి, పాచిక వేసి, చెమటలు కక్కుతూ ఒకణ్ణి కొడతాను. వాడు చెయ్యి గోక్కుంటాడు. అప్పుడు అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టి, రెండు మాటలు గొణుగుతాడు. గది మొత్తం కాలిపోతుంది. రాక్షసులు, కుర్చీలు, మనం వెతుక్కుంటూ వచ్చిన నిధి పెట్టెతో సహా.

తర్వాత నా పని సామాన్లు మొయ్యడం. దానికి యోధుడెందుకు వదినా, గాడిద చాలు. ఆటన్నాక పాత్రల మధ్య సమతూకం ఉండాలి. మాంత్రికుడి బలం తగ్గించండి, లేదా నాది పెంచండి.

ఇట్లు,
సామాన్లు మోసే వీరుడు

తా.క. మొన్న నేను భుజంతో గుద్ది బద్దలు కొట్టిన ఇనప తలుపుకి అసలు గడియ వెయ్యలేదని ఆట అయ్యాక చెప్పారు. ముందే చెప్తే తలుపూ దక్కేది, నా పరువూ దక్కేది.


బుధవారం

ఆరడుగుల కత్తి గల మరిదికి,

ఆరంగుళాల కత్తెర గల వదిన దీవించి రాయునది. మేమంతా కులాసా. రాక్షసులు కూడా.

నీ ఉత్తరం తలుపు కింద నుంచి వచ్చి సరాసరి కుట్టు మిషను పెడలు కింద దూరింది. చూసుకోకుండా తొక్కాను. మూడో పేరా మీద నా చెప్పు గుర్తుంది, దాన్నే నా జవాబనుకున్నా తప్పులేదు.

నాయనా, మాంత్రికుడికి మంత్రం తప్ప ఏముంది? ఒంటిమీద నూలు చొక్కా, గట్టిగా తుమ్మితే పడిపోయే మనిషి. నీకు ఇనప కవచం ఇచ్చాను, దెబ్బ తగిలినప్పుడల్లా తరిగే ప్రాణాలు అరవై ఇచ్చాను, గుర్రమంత బలమిచ్చాను. ఆట మొదలుపెట్టినరోజు నేను ఒక్కొక్క సంఖ్యా పైకి చదివితే ఎవరి బలాబలాల షీటు వాళ్ళు రాసుకున్నారు. నీది కూడా నీ చేత్తోనే రాసుకున్నావు. ఇంకెక్కడ జరిగింది అన్యాయం?

అయినా ఏడిచే మరిదిని చూడలేను. కోటు భుజాలు బిగుతుగా ఉన్నాయంటే ఏ టైలరైనా ఒక కుట్టు విప్పుతాడు. ఈ వారం నుంచి మీ అన్నయ్య ఆటకి ఒక్కసారే నిప్పు పెట్టాలి. మిగతా అందర్నీ నువ్వే నరుక్కో.

ఇట్లు,
నీ వదిన

తా.క. నిన్ను చూసి పళ్ళ డాక్టరమ్మ కూడా ఫిర్యాదు రాసింది. రాక్షసులు దెబ్బ కొట్టకముందే కాలిపోతున్నారట, ఎవరికీ గాయాలు తగలక వైద్యం చేసే భాగ్యం లేకుండా పోతోందట. వారమంతా పళ్ళు పీకి ఆదివారం కూడా వైద్యమేనా అంటే, ఇక్కడ పేషెంట్లు కుర్చీ పట్టుకుని ఏడవరు కదా అంది. నీ సంగతి తెలిసినట్టు లేదు.


సోమవారం

వదినగారికి,

మీ మరిది మళ్ళీ నమస్కరించి, ఈసారి కాస్త తక్కువ వంగి రాయునది.

నిప్పుకి కళ్ళెం వేశారు, సంతోషం. అన్నయ్య నిద్ర మంత్రం తీశాడు. తొమ్మిదిమంది రాక్షసులు నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే గుర్రుపెట్టారు. నన్ను చూసి, "ఇక నీ ఇష్టంరా, నరుకు" అన్నాడు. నిద్రపోయేవాళ్ళని నరకడం యుద్ధం అంటారా వదినా? నా కత్తి దెబ్బకి ఒకడు పక్కకి తిరిగి పడుకున్నాడు. లేవలేదు కూడా. డాక్టరమ్మ నవ్వాపుకోలేక బల్ల కింద పాచిక వెతుకుతున్నట్టు నటించింది.

ఒక్క మాట. కోపం తెచ్చుకోకండి. ఆట నడిపేవాళ్ళూ, మాంత్రికుడూ ఒకే ఇంట్లో ఉంటున్నారు, ఒకే దువ్వెన వాడుతున్నారు. నేనేమీ అనడం లేదు. మా లిఫ్టు ఇనస్పెక్టరు మాత్రం సొంత బావమరిది పెట్టిన లిఫ్టుని తను తనిఖీ చెయ్యడు, వేరేవాళ్ళని పంపిస్తాడు. అంతే.

ఇట్లు,
ఎవరి మొగుడూ కాని యోధుడు

తా.క. దువ్వెన సంగతి ఊరికే ఉదాహరణకి రాశాను. అన్నయ్యకి దువ్వెన అవసరమయ్యే రోజులు పోయాయని నాకూ తెలుసు.


సోమవారమే, సాయంత్రం

శ్రీ లిఫ్టు ఇనస్పెక్టరు గారికి,

పక్షపాతి రాయునది.

నీ ఉత్తరం చదివి ఒక కస్టమరు ప్యాంటుకి రెండు ఎడమకాళ్ళు కుట్టాను. నా మొగుడికి నేను దోచిపెడుతున్నానా? అయితే విను. ఇక నుంచి నిప్పు లేదు, నిద్ర లేదు. మాంత్రికుడికి ఆట మొత్తానికి రెండే మంత్రాలు. ఆ రెండూ కూడా నోటితో చెప్పకూడదు, చీటీ మీద రాసి నాకివ్వాలి. నేను చదివి, సరేనంటేనే పనిచేస్తాయి. నీకు మాత్రం ఒక గుర్రం కూడా ఇస్తున్నాను. తృప్తేనా?

ఈ మాట మీ అన్నయ్యకి చెప్తే రబ్బరు తీసుకుని షీటు మీద మంత్రాలన్నీ ఒక్కొక్కటే చెరుపుకున్నారు. చెరిపిన పొడి జాగ్రత్తగా అరచేతిలోకి తీసి చెత్తబుట్టలో వేశారు. 

నీకు తెలియదు మరిదీ. మీ అన్నయ్య ఆఫీసులో రికార్డుల గదిలో ఒక్కరే పనిచేస్తారు. అక్కడ మాట్లాడటానికి బీరువాలు తప్ప ఎవరూ లేరు. ఇంటికొచ్చాక "ఊఁ", "సరే", "ఫ్యాను వెయ్యి". ఈ మూడే. వారంలో ఆయన నోరు తెరిచి, చేతులు ఊపి, నవ్వి మాట్లాడేది ఆ ఆదివారం మూడు గంటలే. మీ అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకునేది కూడా అప్పుడే. నేనీ ఆట నేర్చుకున్నది అందుకు. గుహలంటే నాకేమీ సరదా లేదు. ఈ బల్ల చెదిరిపోతే ఆ మనిషి మళ్ళీ మూగవాడైపోతాడు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని గుర్రం ఎక్కు.

ఇట్లు,
దోచిపెట్టే వదిన

తా.క. వచ్చే వారం వెళ్ళాల్సింది సొరంగంలోకి. గుర్రం పట్టదు. అది నీ సమస్య.


సోమవారం

వదినగారికి,

మీ మరిది రాజీనామా సమర్పించి రాయునది.

నిన్నటి ఆట తర్వాత నాకు ఒళ్ళు మండిపోతోంది. గుర్రం సొరంగం మొదట్లో ఇరుక్కుంది, సగం ఆట దాన్ని వెనక్కి లాగడానికే సరిపోయింది. ఆ తర్వాత వంతెన మీద మహారాక్షసుడు. అన్నయ్యని మీరు "మీరేం చేస్తారు" అనడిగితే, "చూస్తాను" అన్నాడు. అంతే. మొహం వేలాడేసుకుని చీటీల మీద ఏదో గీసుకుంటూ కూర్చున్నాడు, ఒక్క మంత్రమూ పేలలేదు, బహుశా ఆఫీసు పనేమో. సాయం చెయ్యాల్సినప్పుడు అలగడం ఏం పెద్దరికం వదినా? అది చూశాకే నాకు ఆటమీద మనసు విరిగింది.

నేను ఒంటరిగా పోరాడాను. ఆ రాక్షసుడు గద ఎత్తి నన్ను రెండుసార్లు కొట్టాడు, చెక్కుచెదరలేదు. అంటే ఒళ్ళు నాది ఉక్కే. మరి చెయ్యి? తొమ్మిది దెబ్బలు కొడితే వాడు దోమ అనుకున్నాడు. చివరికి షాపు కట్టేసే వేళయిందని మీరే వాడికి ఇంట్లో పనుందని చెప్పి పంపించేశారు. అంతకన్నా అవమానం ఉందా? రాక్షసుడు నన్ను క్షమించి వెళ్ళాడు.

మాంత్రికుణ్ణి ఇంత తగ్గించినా నేనింత బలహీనంగా ఉన్నానంటే తప్పు మీ రూల్స్‌లోనే ఉంది. సాక్ష్యంగా నా షీటు జతపరుస్తున్నాను. ఒక్క సంఖ్య తప్పుంటే చూపించండి. మీరు చదివినవన్నీ మా లిఫ్టు పనిలో ఎలా రాస్తామో అలాగే, పద్ధతిగా, పెన్నుతో రాశాను. వచ్చే ఆదివారం నా కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోపెట్టుకోండి.

ఇట్లు,
మాజీ యోధుడు

తా.క. గుర్రాన్ని మాత్రం నేను తీసుకెళ్తాను.


బుధవారం

మాజీ యోధుడికి,

వదిన, ముందు నవ్వి, తర్వాత ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి రాయునది.

నీ షీటు కత్తిరించే బల్ల మీద పరిచి నా పుస్తకం పక్కన పెట్టుకుని చూశాను. నేను చదివింది బలం పద్దెనిమిది. నువ్వు రాసుకుంది తొమ్మిది. కత్తి దెబ్బ పన్నెండు, నీ దగ్గర ఆరు. ప్రాణాలు అరవై, నీ దగ్గర ముప్పై. ఏడాదిన్నరగా నువ్వు "ఆరు" అంటుంటే నేను ఆరే రాసుకుంటున్నాను. ఆట నడిపేదాన్ని, నేనూ చూసుకోలేదు. ఈ ముక్క పళ్ళ డాక్టరమ్మకి చెప్తే నీకింక వదిన ఉండదు.

ఇదేం పిచ్చిరా అని మీ అన్నయ్యకి చూపించాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "లిఫ్టు మీద పదిమంది అని రాసుంటే వాడు ఐదుగురినే ఎక్కనిస్తాడు. కంపెనీ వాడు చెప్పినదాంట్లో సగమే నమ్మాలంటాడు. కత్తికీ అదే లెక్క వేశాడు" అన్నారు.

ఎప్పటినుంచి తెలుసు అనడిగాను. రెండో వారం నుంచట. పక్కనే కూర్చుంటారు కదా, కనిపించిందట.

మరెందుకు చెప్పలేదని ఒంటికాలి మీద లేచాను. "చెప్తే ఒప్పుకోడు. ఒప్పుకున్నా అందరిముందూ చిన్నబోతాడు. పోనీలే అనుకున్నాను" అన్నారు. మరి నిప్పెందుకు, తలుపు తీయగానే గది మొత్తం తగలబెట్టడమెందుకు? "వాడికున్నవి ముప్పై ప్రాణాలు. ఏ రాక్షసుడైనా ఒక్క దెబ్బ సరిగ్గా కొట్టాడంటే పోతాడు. వాడు ఎప్పుడూ ముందుకే ఉరుకుతాడు. వాడికంటే ముందు నేను మంత్రం వెయ్యకపోతే ఎలా" అన్నారు. నిప్పు నేను తగ్గిస్తే నిద్ర తీశారు. నిద్ర లాక్కున్నాను, చీటీలు మిగిలాయి.

ఆ రెండు చీటీలూ ఇందులో పెట్టాను, చూడు. రెండింటి మీదా ఒకటే ఉంది: "తమ్ముడి మీద కవచం. వాడికి చెప్పొద్దు." అరవై ప్రాణాలున్నవాడికి కవచం దేనికని ఆ పూట నాకర్థం కాలేదు, సరే అని సంతకం పెట్టాను. గద నీకెందుకు తగల్లేదో ఇప్పుడు తెలిసిందిగా. ఒళ్ళు ఉక్కూ కాదు, చెక్కా కాదు.

నిన్ను తిడదామనే కూర్చున్నాను, తిట్టు రావడం లేదు. పెన్నుతో రాసినవన్నీ కొట్టేసి, సరైన సంఖ్యలు ఎర్రదారంతో కుట్టి పంపిస్తున్నాను. ఇక సగం చెయ్యడానికి వీల్లేదు. రాజీనామా చింపేశాను. ఆదివారం రెండింటికి వచ్చి నీ కుర్చీలో కూర్చో. ఆయన్ని ఏమీ అడక్కు, కృతజ్ఞతలు గట్రా చెప్పకు, సిగ్గుపడి లేచిపోతారు. పక్కన కూర్చుని ఒక దెబ్బ పన్నెండుకి కొట్టి చూపించు, చాలు.

ఇట్లు,
మీ ఇద్దరి మధ్యా నలిగిపోతున్న
వదిన

తా.క. నీ షీటు నేను సరిచేశానని తెలిసినప్పటినుంచీ మీ అన్నయ్య నోటికి అడ్డూ ఆపూ లేదు. నేను ఇస్త్రీ చేస్తుంటే స్టూలు లాక్కుని కూర్చుని గంటసేపు మాట్లాడారు, రెండు చొక్కాలు మాడాయి. నీకు కాపలా కాసీ కాసీ విసుగెత్తిపోయారట. ఇక మాంత్రికుడు వద్దట, దొంగ వేషం కావాలట. మొట్టమొదట ఎవరి గుర్రాన్ని కొట్టెయ్యాలో కూడా అనేసుకున్నారు. నీకు చెప్పొద్దన్నారు.