లేహ్యంలో పదకొండో దినుసు

గురువారం, రాత్రి

పొద్దున్న శిక్షణ శిబిరంలో డోపింగ్ పరీక్షవాళ్లు అమ్మాయి దగ్గర నమూనా తీసుకున్నారట. మధ్యాహ్నం ఫోన్ చేసింది. "అమ్మా, మోకాలికని పంపేవు కదా, ఆ లేహ్యంలో ఏమేం వేశారో కనుక్కో. రెండు వారాలుగా తింటున్నాను."

పరుగులో దేశానికి పతకం తెచ్చిన పిల్ల. అమలాపురంలో దాని ఫ్లెక్సీలు ఇంకా దింపలేదు. నిషేధించిన మందు బయటపడితే అంతా పోతుంది.

వెంటనే కొత్తపేట వెళ్లాను. లేహ్యం చేసిచ్చిన వైద్యులుగారు పది దినుసులు చెప్పారు, రాసుకున్నాను. "ఇంకోటుందండి. అది మా తాతగారి రహస్యం, చెప్పకూడదండి."

"మా పిల్ల పరుగు పోతుందండీ."

"ఆయ్, పోవడమేంటండీ, పెరుగుద్ది!"

అదే నా భయం.

పచ్చడి జాడీకి కూడా లోపల ఏముందో చీటీ అంటించే మనిషిని. ఆ లేహ్యం సీసా మీద మాత్రం "అమ్మ పంపింది" అని రాశాను. అది చూసే అడక్కుండా తినుంటుంది.