ముక్కు అతికిన తల

అల్ అమెరాత్, మస్కట్
12 సెప్టెంబర్ 2025, శుక్రవారం

చిరంజీవి వాణికి,

బాపు దీవించి రాస్తున్నది. నేను బాగున్నానని మొదట రాయాలి కాబట్టి బాగున్నాను. మోకాళ్లు, దగ్గు ఎప్పటిలాగే ఉన్నాయి. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, మెసేజ్ చూసి ఊరుకుంటున్నావు. అందుకే కాగితం పట్టాను. మా రూమ్‌లో ఉండే గంగన్న సెలవు మీద వస్తున్నాడు. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా మీ హాస్టల్‌కే వచ్చి ఈ ఉత్తరం ఇస్తాడు.

నీ కోపం న్యాయమే బిడ్డా. బొమ్మల కాలేజీలో మొదటి ఏడాది మనుషులను గీయనివ్వరని చెప్పావు. మనిషి కదులుతాడు, నీడ మారుతుంది, అందుకని ముందు పాత గ్రీకు విగ్రహాల నకళ్లు చూసి వెలుగునీడలు నేర్చుకోవాలట. వందల ఏళ్లుగా కుర్ర చిత్రకారులంతా అట్లాగే నేర్చుకున్నారట. కాలేజీ గదికి సాయంత్రం తాళం వేస్తారు, హాస్టల్లో గీసుకోవడానికి అట్లాంటి తల ఒకటి చేసి పంపు బాపూ అని ఫోటోలు పెట్టావు. ముక్కు విరిగిన ఆడమనిషి తల.

నాకెంత సంబరమైందో. ఇన్నేళ్లుగా ఎవరెవరి ఇళ్ల సీలింగులకో జిప్సం పూలు అతికిస్తున్నాను. ఈ పని నీ చదువుకు అక్కరకొస్తుందని ఎన్నడూ అనుకోలేదు. డ్యూటీ అయ్యాక వర్క్‌షాప్‌లో మిగిలిన జిప్సంతో చేశాను. ఫోర్‌మన్ నసీరుద్దీన్ చూసి, విగ్రహాలు ఇక్కడెందుకయ్యా, ముదీర్ (మా మేనేజర్) కంట పడితే ఇద్దరికీ తిప్పలని గొణిగాడు. గొణుగుతూనే గోనెపట్టా తెచ్చి కప్పాడు.

అంతా ఫోటోలో ఉన్నట్టే చేశాను, ముక్కు తప్ప. మా పనిలో అంచు కొంచెం పెచ్చు లేచినా సరుకు వెనక్కి వస్తుంది. విరిగింది కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. నింపి, నున్నగా రుద్ది పంపాను. ముక్కుతోనే బాగుంది బాపూ అని నువ్వు కూడా అట్లాగే గీశావు. కాలేజీలో ఉన్న తలను చూసింది చూసినట్టు గీయమంటే దానికి లేని ముక్కు కల్పించావని మీ సార్ అందరి ముందూ అన్నాడట. మళ్లీ గీసి ఇవ్వకపోతే ఏడాది పోతుందట. ఆ తల మా బాపు చేశాడని చెప్పడానికి సిగ్గేసిందన్నావు. ఆ మాట తగిలింది. సరే, వదిలేయి.

ఇంకోటి చేశాను. గంగన్న సంచిలో పాత లుంగీలు చుట్టి పెట్టాను, జాగ్రత్తగా విప్పు. దీని ముక్కు విరిగే ఉంది. విరిగినట్టు చేయడం నాకు రాదు, నిండుగా చేసి కొట్టాల్సిందే. ఎవలన్న చేసినదాన్ని కావాలని ఇరగ్గొడతరా, నీకేమన్న పిచ్చా అని గంగన్న ఒకటే నవ్వు. ఆరాక ఉలి పట్టుకున్నాను. ఒక్క దెబ్బ పని, కానీ చేయి లేవలేదు. చివరికి ఉలి గంగన్నకే ఇచ్చి బయటికి వెళ్లి నిలబడ్డాను.

అలిసిపోయాను బిడ్డా. ఎండకు కాదు, దుమ్ముకు కాదు, నువ్వు మాట్లాడకపోవడం వల్ల. దీన్ని చూసి గీయి, ఏడాది పోగొట్టుకోకు. బొమ్మ ఇచ్చేశాక ఒక్కసారి ఫోన్ ఎత్తు.

నీ బాపు,
రఘుపతి

తా.క.: ఆ ముక్కు కల్పించింది కాదు. మీ సార్‌కు చెప్పక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు. అది మీ అమ్మది. కావాలని పెట్టలేదు, నింపుతుంటే వేళ్లు అట్లా పోయాయి. రజిత పోయినప్పుడు నీకింకా నడక రాలేదు. నేను ఇక్కడి నుంచి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. నా దగ్గరున్నది పాస్‌పోర్టు సైజు ఫోటో ఒక్కటే, అందులో ఎదురుగా చూస్తుంది. నువ్వు పక్క నుంచి గీసిన బొమ్మ ఫోన్‌లో పెట్టినప్పుడు, ఇన్నేళ్ల తర్వాత ఆమె అటు తిరిగి కూర్చోవడం చూశాను. మార్కులు రాని ఆ బొమ్మను చింపకు. గంగన్న తిరిగి వచ్చేటప్పుడు అతని చేతికివ్వు.