'అయితే' దగ్గర తెగింది

ఇంటర్నెట్ ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

నమస్కారం. నలభై ఏళ్ళ కిందట మా బావమరిది నాకొక మాట ఇచ్చాడు. "బావా, నవల అట్ట మీద ఇద్దరి పేర్లూ వేయిస్తాను" అని. రాసింది నేను. ప్రచురణకర్త దగ్గరికి మోసుకెళ్ళింది అతను. అట్ట మీద మోసినవాడి పేరు ఒక్కటే వచ్చింది. ఇది మీ విభాగం చూసే ఫిర్యాదు కాదని తెలుసు. మీరు చూడాల్సింది ఇప్పుడు చెబుతాను.

ఒక ఇంటర్నెట్ పత్రిక ఆ నవల మీద ప్రత్యేక సంచిక వేస్తోంది. కాగితం మీద పంపితే పుచ్చుకోరట. అసలు సంగతంతా కంప్యూటర్లో రాసి పంపబోతే, మీ మోడెం గొంతులో ఎముక ఇరుక్కున్న పిల్లిలా అరిచి, కాసేపు గురకపెట్టి, వ్యాసం సగం వెళ్ళేసరికి చచ్చిపోతోంది. బావమరిది మంచం పట్టాడు. అతను బతికుండగా ఇది చదవాలి. పోయినవాణ్ణి తిడితే లోకం నన్నే తిడుతుంది. త్వరపడండి.

ఇట్లు,
మోడెం బాధితుడు

తా.క.: మీ ప్రకటనలో "మెరుపు వేగం" అని వేశారు. మెరుపులైతే చూశాను, ప్లగ్గులోంచి.

•

పెద్దలు, రచయిత గారికి,

నమస్కారాలు. పరీక్షించాం. మీ లైనులో దోషం ఉంది. పైగా మీరు పంపేది బరువెక్కువ. ఇంట్లో రెండో ఫోన్ ఉందా? మీరు ఇంటర్నెట్లో ఉండగా ఎవరైనా దాని రిసీవర్ ఎత్తితే కనెక్షన్ తెగిపోతుంది. గమనించగలరు.

భవదీయుడు,
ఫిర్యాదుల అధికారి

తా.క.: నా బావమరిది నా స్కూటరు తీసుకెళ్ళి ఇంతవరకూ తేలేదు. ధైర్యంగా ఉండండి.

•

అధికారి గారికి,

నా లైనులో దోషమా? ఏ పేరాలో? మళ్ళీ మళ్ళీ దిద్దిన వ్యాసం అది, ఒక్క కామా కదల్చడానికి లేదు. అసలు దాన్ని మీకెవరు చూపించారు? బరువైన రచన అన్నందుకు మాత్రం కృతజ్ఞుణ్ణి. నా జన్మలో ఆ మాట అన్నది మీరొక్కరే.

రెండో ఫోన్ వంటింట్లో ఉంది. దాన్ని అనుమానించకండి. నేను కంప్యూటర్ ముందు కూర్చోగానే మా ఆవిడ దాని పక్కనే స్టూలేసుకుని కాపలా కాస్తుంది, ఎవరూ ముట్టుకోకుండా. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే అయినా సరే.

ఇట్లు,
దోషం లేని లైన్ల రచయిత

తా.క.: వ్యాసం ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. తమ్ముడి సంగతే కదా. "బాగుందండీ" అని, రిసీవర్ తుడవడానికి వెళ్ళింది.

•

మహాశయా,

నేనన్నది టెలిఫోన్ లైను. మీ వ్యాసం నేను చూడలేదు, చూసే తీరికా లేదు. స్తంభం దగ్గర్నుంచి మీ గోడ దాకా తీగ మార్పించాను. అయినా తెగుతోందంటే ఇక ఒక్కటే ఉపాయం. ముక్కలు చేసి విడివిడిగా పంపండి. ఒకటి వెళ్ళాకే ఇంకొకటి.

భవదీయుడు,
అలసిన అధికారి

తా.క.: ముక్కలు చేయమన్నది వ్యాసాన్ని. మోడెంని కాదు. ఈమధ్య ఒకాయన పొరబడ్డారు.

•

అధికారి గారికి,

మీ ఉపాయం పారింది. నా బతుకు అందుకే ఇలా తగలడింది.

వ్యాసాన్ని రెండు ముక్కలు చేశాను. మొదటి దాంట్లో నవలని ఆకాశానికెత్తాను. ఎత్తనా మరి, రాసింది నేనే కదా! రెండోది "అయితే, దీన్ని రాసింది అతను కాదు" అని మొదలవుతుంది. "ఏమేవ్, మొదటిది వెళ్ళింది!" అని కేకేశాను. మరుక్షణం వంటింట్లో టక్‌మని చప్పుడైంది. మోడెం నోరు మూసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు కూర్చున్నా అదే టక్కు. గడువు దాటిపోయింది. పత్రిక మొదటి ముక్క ఒక్కటే వేసింది.

నిన్న బావమరిది మంచం మీంచి లేచి, కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నా చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"బావా, ఇన్నేళ్ళూ నన్ను అసహ్యించుకుంటున్నావనుకున్నాను. ఎంత పాపిష్టివాణ్ణి! కొత్త ముద్రణ వస్తోంది. అట్ట మీద నీ పేరు వేయిస్తున్నాను."

"ఎక్కడ?" అన్నాను.

"అడుగున. 'ముందుమాట' అని, పక్కన నీ పేరు. నీ వ్యాసమే ముందుమాట!"

"అయితే..." అని నోరు తెరిచాను. మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నోటికందించింది.

"చూశావా అక్కా, బావ మనసెంత మెత్తనో!"

"నాకు తెలీదట్రా?" అందావిడ.

అతను వెళ్ళాక నిలదీశాను. "ఫోనెందుకు ఎత్తావ్?"

"లైను బాగుందో లేదో చూద్దామనండీ."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ పాడైపోతోందిగా మరి!"

కనెక్షన్ తీసేయండి. ఇక నేను పంపాల్సిందేమీ లేదు. అతను చచ్చేట్టు లేడు. నా పొగడ్త ఒంటబట్టి నిగనిగలాడుతున్నాడు.

ఇట్లు,
సొంత నవలకి ముందుమాట రాసినవాడు

తా.క.: మీ మీద నాకు కోపం లేదు, మోడెం మీదా లేదు. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని పెంచిన కోపాన్ని బావమరిది ఒక్క ఏడుపుతో కడిగేసి పోయాడు. ఇప్పుడు ఇల్లంతా ఖాళీగా ఉంది. అయినా ఫిర్యాదు మూసేయకండి. దోషం ఎవరిదన్న చోట రాసుకోండి: మా ఆవిడది.